ప్రొస్టేట్ క్యాన్సర్ కణంలో కేంద్రకం ఆకారం ఎందుకు చెడుతుంది?

ప్రొస్టేట్ బయాప్సీ రిపోర్టు ఇంటికొచ్చిన రోజున అందరి కళ్లూ వెతికేది ఒక్క అంకె కోసమే. జబ్బు ఎంత ముదిరిందో చెప్పే గ్లీసన్ స్కోరు 3+3=6 అని ఉంటే కొంచెం ఊపిరి పీల్చుకుంటారు. 4+4=8 అని ఉంటే టెన్షన్ మొదలవుతుంది. అదే రిపోర్టులో మైక్రోస్కోపు కింద ఏం కనిపించిందో చెప్పే నాలుగైదు లైన్లు కూడా ఉంటాయి. కేంద్రకాలు (కణంలో డీఎన్‌ఏ ఉండే న్యూక్లియస్‌లు) పెద్దవయ్యాయనో, వాటిలో కేంద్రకాంశాలు (న్యూక్లియోలస్ అనే చుక్కలు) కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయనో అక్కడ రాసి ఉంటుంది. ఇంట్లో వాళ్లు ఆ లైన్లను చదవరు, చదివినా అర్థం కాక వదిలేస్తారు. నాకు మాత్రం రిపోర్టు మొత్తంలో అన్నిటికన్నా లోతైన సంగతి ఆ లైన్లలోనే ఉందనిపిస్తుంది.

ఎందుకంటే గ్లీసన్ స్కోరు కేంద్రకాన్ని అసలు పట్టించుకోదు. అమెరికాలోని మినియాపొలిస్‌లో, మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన పాథాలజిస్ట్ (కణజాలాన్ని పరీక్షించే డాక్టర్) డోనాల్డ్ గ్లీసన్ 1966లో ఈ పద్ధతిని ప్రచురించాడు. ప్రొస్టేట్ లోపలి చిన్న చిన్న గ్రంథుల అమరిక ఎంత చెదిరిందన్నదాన్ని బట్టే ఆయన మార్కులు వేశాడు. గ్రంథులు విడివిడిగా ఉన్నాయా, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయా, గ్రంథి రూపమే లేకుండా కణాలు చెల్లాచెదురయ్యాయా అన్నదే లెక్క. అయితే స్కోరు వేయడానికి ముందు తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది క్యాన్సరేనా? అది తేల్చాలంటే పాథాలజిస్ట్ లెన్సు మార్చి కణం లోపలికి వెళ్లాల్సిందే. గ్రంథి చుట్టూ ఉండాల్సిన ఆధార కణాల వరస మాయమైందా, కేంద్రకం ఉబ్బిందా, అందులో కేంద్రకాంశం పెద్ద చుక్కలా తేలిందా అని చూస్తారు. జబ్బు ఎంత ముదిరిందో గ్రంథుల అమరిక చెబితే, అసలు జబ్బు ఉందా అన్న ప్రశ్నకు కేంద్రకం సాక్ష్యం కావాలి.

ఈ సాక్ష్యం కొత్తది కాదు. లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో లయొనెల్ బీల్ అనే వైద్యుడు 1860లోనే గొంతు క్యాన్సర్ రోగి కఫాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, అందులోని కణాలు రకరకాల సైజుల్లో, ఆకారాల్లో ఉండటం చూసి బొమ్మలు గీశాడు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇవాళ చేసే పాప్ స్మియర్ పరీక్షలో కూడా చూసేది ప్రధానంగా కేంద్రకాన్నే. నూట అరవై ఏళ్లకు పైగా డాక్టర్లు కేంద్రకం ముఖం చూసి క్యాన్సర్‌ను పట్టుకుంటున్నారు. ఆ ముఖం ఎందుకు మారుతోందన్న ప్రశ్నకు మాత్రం చాలాకాలం జవాబు లేదు. ఆ జవాబు కోసం గట్టిగా వెతికిన చోటు ప్రొస్టేట్ పరిశోధనే.

ఆకారాన్ని నిలబెట్టేవి

మన కణంలో ఉండే డీఎన్‌ఏ పోగులన్నీ కలిపి సాగదీస్తే సుమారు 2 మీటర్లు. దాన్ని ఇముడ్చుకున్న కేంద్రకం అడ్డకొలత సుమారు 6 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు ఆరు రెట్లు. కేంద్రకాన్ని నిమ్మకాయంత చేసి చూస్తే, అందులోకి దాదాపు 13 కిలోమీటర్ల సన్నని దారం కుక్కినట్టు. చిక్కు పడకూడదు, తెగకూడదు, కావాల్సిన చోట వెంటనే విప్పి చదవగలగాలి. ఇది ఉత్త సంచితో అయ్యే పని కాదు. లోపల ఏదో కట్టుబాటు ఉండాలి.

ఆ కట్టుబాటులో మొదటిది గోడ. కేంద్రకానికి రెండు పొరల త్వచం ఉంటుంది. లోపలి పొరకు ఆనుకుని లామిన్లు అనే ప్రొటీన్ పోగులతో అల్లిన వల ఉంటుంది. నులక మంచాన్ని గుర్తుచేసుకోండి. ఒక్కో నులక పేట సన్నగానే ఉంటుంది, అల్లికే బరువు మోస్తుంది. 2017లో ప్రచురించిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో లామిన్ పోగు మందం కేవలం 3.5 నానోమీటర్లని తేలింది. లామిన్ ఏ, లామిన్ సీ రెండూ ఒకే జన్యువు నుంచి వస్తాయి. లామిన్ బీ1కు, బీ2కు వేర్వేరు జన్యువులున్నాయి. స్థూలంగా చెప్పాలంటే బీ రకాలు త్వచాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, ఏ రకం గోడకు బిగువునిస్తుంది. ఎముక, కండరం లాంటి గట్టి కణజాలాల్లో లామిన్ ఏ ఎక్కువగా, మెదడు లాంటి మెత్తని చోట తక్కువగా ఉంటుందని 2013లో కొలిచి చూపించారు. ఒళ్లు మోసే ఒత్తిడికి తగ్గట్టే కేంద్రకం మంచం బిగించుకుంటుందన్నమాట.

లామిన్ వలను త్వచానికి కట్టి ఉంచే ప్రొటీన్లు వేరే ఉన్నాయి. వాటిలో ఎమెరిన్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది. త్వచాన్ని దాటి బయటి కణ అస్థిపంజరంతో కొక్కెంలా పట్టుకునే ప్రొటీన్లు ఇంకొన్ని ఉన్నాయి. కణాన్ని ఎవరైనా నొక్కితే ఆ సంగతి ఈ కొక్కేల మీదుగానే కేంద్రకానికి తెలుస్తుంది.

ఈ అల్లికలో చిన్న లోపం ఎంత చేస్తుందో ప్రొజీరియా పిల్లలను చూస్తే అర్థమవుతుంది. పదేళ్లకే ముసలితనం మీదపడినట్టు కనిపించే ఆ అరుదైన జబ్బుకు కారణం లామిన్ ఏ జన్యువులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారడమేనని 2003లో తెలిసింది. ఆ పిల్లల కణాల్లో కేంద్రకాలు గుండ్రంగా ఉండవు, బుడిపెలు తేలి వంకరపోతాయి. గోడ ప్రొటీన్ చెడితే ఆకారం చెడుతుందని, ఆకారంతోపాటు కణం జీవితమే చెడుతుందని చెప్పడానికి ఇంతకన్నా సూటి రుజువు అక్కర్లేదు.

ఈ లామిన్లతో హైదరాబాద్‌కూ సంబంధం ఉంది. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో వీణా పర్నాయక్ చాలా ఏళ్లు వీటి మీదే పనిచేశారు, ముఖ్యంగా లామిన్ జన్యువులో మార్పుల వల్ల వచ్చే కండరాల జబ్బుల మీద. అవి క్యాన్సర్ పరిశోధనలు కావు. కానీ కేంద్రకం గోడ గురించి మనకున్న ప్రాథమిక జ్ఞానంలో హబ్సిగూడ లాబ్‌ల వాటా ఉందని తెలుగువాళ్లకు తెలియాలి.

పాలు విరిగితే వచ్చిన ముక్కలా, లేక నిజమైన చట్రమా?

గోడ సరే, గోడ లోపల గదికి కూడా దూలాలు, గుంజలు ఉన్నాయా? 1974లో ఉన్నాయన్నారు రోనాల్డ్ బెరెజ్నీ, డోనాల్డ్ కాఫీ. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో కాఫీది ప్రొస్టేట్ పరిశోధన. ఎలుక కాలేయం నుంచి కేంద్రకాలు తీసి, సబ్బులాంటి రసాయనంతో త్వచాన్ని కరిగించి, ఎంజైముతో డీఎన్‌ఏను కోసేసి, గాఢమైన ఉప్పునీటితో మిగతా ప్రొటీన్లను కడిగేశారు. ఇన్ని కడిగినా ఒక చట్రం మిగిలింది. కేంద్రకం ప్రొటీన్లలో అది పదో వంతు మాత్రమే, అయినా కేంద్రకం ఆకారంలోనే నిలబడింది. దానికి న్యూక్లియర్ మేట్రిక్స్ అని పేరు పెట్టారు. 1980లో కాఫీ బృందమే ఇంకో అడుగు ముందుకేసింది. డీఎన్‌ఏ ఈ చట్రానికి సుమారు 60 వేల అక్షరాల పొడవున్న మెలికలుగా కట్టి ఉంటుందని, కణం విడిపోయే ముందు డీఎన్‌ఏ నకలు తయారయ్యేది ఆ కట్టు దగ్గరేనని చూపించింది.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. వాళ్ల అభ్యంతరం మన వంటింటి భాషలో చెప్పొచ్చు. పాలలో నిమ్మరసం పిండితే ముక్కలు తేలతాయి, ఆ ముక్కలు పాలలో ముందు నుంచీ ఉన్నాయని అనగలమా? అలాగే గాఢమైన ఉప్పు పోసినప్పుడు ప్రొటీన్లు గడ్డకట్టి చట్రంలా కనిపించి ఉండొచ్చు కదా? ఇది తీసిపారేయగల ప్రశ్న కాదు. దశాబ్దాలు గడిచినా పూర్తిగా తీరలేదు, కేంద్రకం లోపల స్థిరమైన చట్రం ఉందని నమ్మని జీవశాస్త్రవేత్తలు ఇప్పటికీ చాలామందే ఉన్నారు.

నా అభిప్రాయం చెప్పాలంటే, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇనుప చట్రం లాంటిదేదీ లోపల లేదు. కానీ మెలికలు నిజం. 2009లో డీఎన్‌ఏ పోగులో ఏ భాగం ఏ భాగానికి దగ్గరగా ఉందో కొలిచే పద్ధతి వచ్చింది. 2014 నాటికి మనిషి కణంలో సుమారు పది వేల మెలికలను గుర్తించారు. వాటి మొదళ్లను పట్టి ఉంచేవి కొహీసిన్, సీటీసీఎఫ్ అనే ప్రొటీన్లని తేలింది. కాఫీ ఊహించిన గుంజల పేర్లు మారాయి, మెలిక మాత్రం నిలిచింది.

ఎలుక నుంచి మనిషి ప్రొస్టేట్ దాకా

కాఫీ బృందం ప్రొస్టేట్‌లో ముందు చేసిన పని చాలా సాదాసీదాది. 1982లో వాళ్లు ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల స్లైడ్లు తీసుకుని, ఒక్కో కేంద్రకం అంచు వెంట గీత గీసి, అది నిఖార్సైన వృత్తానికి ఎంత దగ్గరగా ఉందో లెక్కగట్టారు. గుండ్రదనం తగ్గిన కేంద్రకాలున్న రోగుల్లో క్యాన్సర్ పాకే గుణం ఎక్కువగా కనిపించింది. కంటితో చూసి ‘వంకరగా ఉంది’ అనే మాట మొదటిసారి అంకెగా మారింది.

వంకరకు వెనక ప్రొటీన్లు ఏవి? 1991లో ఎలుక ప్రొస్టేట్‌లో, 1993లో మనిషి ప్రొస్టేట్‌లో న్యూక్లియర్ మేట్రిక్స్ ప్రొటీన్లను వేరు చేసి, బరువును బట్టీ విద్యుదావేశాన్ని బట్టీ జెల్ పలక మీద చుక్కలుగా పరిచి చూశారు. మామూలు ప్రొస్టేట్, వయసుతో ఉబ్బిన ప్రొస్టేట్, క్యాన్సర్ ప్రొస్టేట్, మూడింటి చుక్కల ముగ్గు ఒకేలా లేదు. క్యాన్సర్ నమూనాల్లో మాత్రమే కనిపించిన చుక్క ఒకటి అందరి కళ్లనూ ఆకర్షించింది. యాభై దాటిన మగవాళ్లలో చాలామందికి ప్రొస్టేట్ ఉబ్బుతుంది, అది క్యాన్సర్ కాదు. ఈ రెండింటినీ విడదీసే గుర్తు దొరికితే ఎన్ని అనవసర బయాప్సీలు తప్పుతాయో! అందుకే ఆ చుక్క మీద అంత ఆశ.

1999లో ఇంకో ఆసక్తికరమైన సంగతి బయటపడింది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల మేట్రిక్స్‌ను పట్టుకునేలా తయారుచేసిన ఒక యాంటీబాడీ నిజానికి దేన్ని పట్టుకుంటోందో వెతికితే, అది న్యూక్లియోఫాస్మిన్ అని తేలింది. ఇది ప్రధానంగా కేంద్రకాంశంలో ఉండే ప్రొటీన్. కేంద్రకాంశం పని రైబోజోములను తయారుచేయడం, రైబోజోముల పని ప్రొటీన్లను తయారుచేయడం. ఆగకుండా పెరగాలనుకునే కణానికి ఆ ఫ్యాక్టరీ ఇరవై నాలుగు గంటలూ నడవాలి. మిక్ అనే జన్యువు విజృంభించినప్పుడు ప్రొస్టేట్ కణాల్లో కేంద్రకాంశం ఉబ్బుతుంది. రిపోర్టులో ‘కేంద్రకాంశాలు స్పష్టంగా ఉన్నాయి’ అన్న ఆ ఒక్క లైను వెనక ఇంత ఉంది.

కట్టు దగ్గర పడే కోత

ఈ మార్పులన్నీ క్యాన్సర్ వచ్చాక మిగిలిన ఆనవాళ్లే అనుకోవచ్చు, వరద వెళ్లాక మిగిలిన బురదలాగా. కానీ ప్రొస్టేట్ విషయంలో కేంద్రకం నిర్మాణం జబ్బు పుట్టుకలోనే పాలుపంచుకుంటుంది. దానికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ ఒక జన్యువుల అతుకు.

2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయ్యన్ బృందం ప్రొస్టేట్ క్యాన్సర్లలో టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2, ఈఆర్‌జీ అనే రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుపోవడం కనిపెట్టింది. పాశ్చాత్య దేశాల రోగుల్లో దాదాపు సగం మందిలో ఇది కనిపిస్తుంది. మొదటి జన్యువు పురుష హార్మోన్ చెప్పినట్టు పనిచేసేది. రెండోది కణం పెరుగుదలను, కదలికను ప్రభావితం చేసేది. అతుక్కున్నాక హార్మోన్ మొదటిదాన్ని పిలిచినప్పుడల్లా రెండోది పలుకుతుంది. ఈ రెండూ 21వ క్రోమోజోమ్ మీదే ఉన్నా, మధ్యలో సుమారు 30 లక్షల అక్షరాల దూరం. అంత దూరంలో ఉన్నవి ఎలా కలిశాయి?

2009లో, 2010లో వచ్చిన రెండు పరిశోధనలు కలిపి చదివితే జవాబు దొరుకుతుంది. మొదటిది: పురుష హార్మోన్ తన గ్రాహకంతో (దాన్ని పట్టుకునే ప్రొటీన్‌తో) కలిసి కేంద్రకంలోకి వెళ్లగానే డీఎన్‌ఏ పోగు మడత మారి, ఈ రెండు జన్యువులూ పక్కపక్కకు వస్తాయి. రెండోది: హార్మోన్ పిలుపుతో జన్యువు తెరుచుకునే చోట టోపోఐసోమరేస్ 2 బీటా అనే ప్రొటీన్ డీఎన్‌ఏ రెండు పోగులనూ కోస్తుంది. ఈ కోత తప్పు కాదు. దారం మెలితిరిగి బిగుసుకున్నప్పుడు ఒకచోట కోసి, విప్పి, మళ్లీ అతికించడం ఆ ప్రొటీన్ రోజువారీ పని. కానీ పక్కపక్కనే రెండు కోతలు తెరిచి ఉన్నప్పుడు అతికించే పని పొరపాటున అటుది ఇటు కలిపితే, అతుకు శాశ్వతం.

ఇక్కడే నాకు 1974 నాటి బాల్టిమోర్ గుర్తొస్తుంది. టోపోఐసోమరేస్ 2 అంటే మేట్రిక్స్ పరిశోధకులకు కొత్త పేరు కాదు, ఉప్పునీటి కడుగుడు తర్వాత చట్రంలో మిగిలే ముఖ్యమైన ప్రొటీన్లలో అదొకటి. అది కోతలు ఎక్కువగా పెట్టేది మెలికల మొదళ్ల దగ్గరేనని 2017లో తేలింది. డీఎన్‌ఏను క్రమంలో ఉంచే కట్టు ఎక్కడుందో, తెగి తప్పుగా అతుక్కునే ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఆ క్రమాన్ని కదిలించేది హార్మోన్. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్‌తో ఉన్న బంధం 1941లో చార్లెస్ హగిన్స్ చూపించినప్పటి నుంచీ తెలుసు. అందుకే ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. ఆ బంధం డీఎన్‌ఏ మడతల దాకా దిగుతుందని తెలియడానికి మాత్రం ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది.

గోడ మెత్తబడితే

మళ్లీ గోడ దగ్గరికి వద్దాం. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో లామిన్ ఏ పెరుగుతుందా, తగ్గుతుందా? చిక్కుముడి ఇక్కడే ఉంది. తక్కువ గ్రేడు, ఎక్కువ గ్రేడు కణితులను పోల్చిన 2011 నాటి పరిశోధన ఎక్కువ గ్రేడులో లామిన్ ఏ ఎక్కువగా ఉందంది. 2012లో మరో బృందం, లామిన్ ఏ/సీ కణాల పెరుగుదలకూ పాకడానికీ తోడ్పడుతుందంది. తర్వాత వచ్చిన పరిశోధనల్లో లామిన్ ఏ తగ్గిన కణితులకే లింఫ్ గ్రంథుల్లోకి పాకడంతో సంబంధం కనిపించింది. ఇద్దరూ జాగ్రత్తగా పనిచేసినవాళ్లే. మరి ఏది నమ్మాలి?

ఇవి ఒకదాన్నొకటి కొట్టేసే ఫలితాలు కావని నేననుకుంటున్నాను. క్యాన్సర్ కణం బతుకులో దశలున్నాయి. పుట్టిన చోట కిక్కిరిసిన గ్రంథిలో ఒత్తిడి తట్టుకుంటూ పెరగాలి, అప్పుడు బిగువైన గోడ ఉపయోగం. అక్కడి నుంచి బయటపడి, కణజాలం సందుల్లోంచి దూరి, రక్తనాళంలోకి జారాలంటే మెత్తదనం కావాలి. కుట్టు బిగించి నింపిన ధాన్యం బస్తాను ఇరుకు గుమ్మంలోంచి తోయడం కష్టం, సగం ఖాళీగా ఉన్న బస్తా ఎటు నొక్కితే అటు ఒదుగుతుంది. కణంలో అన్నిటికన్నా పెద్దదీ, గట్టిదీ అయిన భాగం కేంద్రకమే కాబట్టి కణం ఎంత సందులోంచి దూరగలదో నిర్ణయించేది అదే. కాబట్టి లామిన్ ఎంత ఉందన్న ప్రశ్న ఒక్కటే అడిగితే చాలదు. ఏ దశలో, కేంద్రకం అంచులో ఏ చోట అన్నవి కూడా అడగాలి.

‘ఏ చోట’ అన్నదానికి 2012లో షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన బాగా ఉపయోగపడుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో లామిన్ బీ మొత్తం మీద ఉన్నా, వలలో అక్కడక్కడా చిరుగులు పడి లామిన్ బీ లేని ఖాళీలు కనిపించాయి. కేంద్రకం ఆ ఖాళీల దగ్గరే ఉబ్బి బుడిపెలా బయటికొస్తుంది. గ్లీసన్ గ్రేడు పెరిగేకొద్దీ అలాంటి కేంద్రకాలు ఎక్కువయ్యాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పుతో సంబంధం ఉన్న క్రోమోజోమ్ భాగాలు ఆ ఖాళీల్లోకి చేరి, అక్కడ జన్యువుల పని మందగించింది. మొత్తం లామిన్‌ను తూకం వేసి చూసుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. వలలో ఎంత తాడు ఉందని తూచినంత మాత్రాన చిరుగు కనిపించదు కదా.

ఇప్పుడు ఎమెరిన్. 2018లో లాస్ ఏంజలెస్‌లోని సీడర్స్ సైనాయ్ పరిశోధకులు ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో ఎమెరిన్‌ను తగ్గించి చూశారు. కేంద్రకం ఆకారం నిలకడ తప్పింది, కణాలు చొరబడే గుణం పెరిగింది, ఎలుకల్లో క్యాన్సర్ ఎక్కువగా పాకింది. రోగుల నమూనాల్లోనూ, మొదటి కణితితో పోలిస్తే పాకిన క్యాన్సర్‌లో ఎమెరిన్ తగ్గి ఉంది. అంతకు మూడేళ్ల ముందే అక్కడి బృందం రక్తంలో తిరిగే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను పట్టుకుని కేంద్రకాల సైజు కొలిచింది. మరీ చిన్న కేంద్రకాలున్న కణాలు రక్తంలో ఉన్న రోగుల్లో కాలేయం, ఊపిరితిత్తుల వంటి లోపలి అవయవాలకు క్యాన్సర్ పాకి ఉండటం ఎక్కువగా కనిపించింది. ప్రొస్టేట్ క్యాన్సర్ సాధారణంగా ఎముకలకు పాకుతుంది. లోపలి అవయవాలకు పాకడం మరింత ప్రమాదకరమైన దశ. స్లైడు మీద కేంద్రకం ఉబ్బితే చెడు సూచన అనుకున్నాం, రక్తంలో చిన్నదైతే ఇంకా చెడు సూచన అయింది. దశ మారితే గుర్తు కూడా మారుతుందన్నది ఇందుకే.

గోడ మెత్తబడటం వల్ల కణానికి లాభమే కాదు, నష్టమూ ఉంది. ఇరుకు సందులో దూరేటప్పుడు కేంద్రకం త్వచం చిట్లి, డీఎన్‌ఏ బయటి ద్రవానికి తగిలి దెబ్బతింటుందని 2016లో రెండు బృందాలు వేర్వేరుగా చూపించాయి. చాలా కణాలు ఆ చిట్లును అతుకేసుకుని బతుకుతాయి, కానీ డీఎన్‌ఏలో కొత్త తప్పులతో. ప్రయాణమే క్యాన్సర్‌ను ఇంకా మార్చేస్తుందన్నమాట. అతుకేసుకునే ఆ యంత్రాంగాన్ని దెబ్బతీస్తే కణం దారిలోనే చచ్చిపోతుందా అన్నది ఇక్కడి నుంచి పుట్టే ప్రశ్న.

రక్తపరీక్షగా ఎందుకు మారలేదు

ఇంత తెలిసినప్పుడు ఒక రక్తపరీక్ష ఎందుకు లేదని ఎవరికైనా అనిపిస్తుంది. ఇప్పుడున్న రక్తపరీక్షలో కొలిచే పీఎస్‌ఏ కేంద్రకానికి సంబంధించింది కాదు. అది ప్రొస్టేట్ గ్రంథి స్రవించే ఎంజైము. క్యాన్సర్ రోగుల పర్యవేక్షణకు 1986లో, క్యాన్సర్ గుర్తింపుకు 1994లో అమెరికా అనుమతించింది. గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పీఎస్‌ఏ పెరుగుతుంది. అందుకే కేంద్రకం ప్రొటీన్ మీద ఆశపెట్టుకున్నారు.

2007లో ఈపీసీఏ-2 అనే న్యూక్లియర్ (కేంద్రకపు) ప్రొటీన్‌ను రక్తంలో కొలిచి క్యాన్సర్‌ను పట్టుకోవచ్చని ఒక పరిశోధన వచ్చింది. 94 శాతం క్యాన్సర్లను పట్టుకుంటుందని, క్యాన్సర్ లేనివాళ్లలో 92 శాతం మందిని సరిగ్గా పక్కన పెడుతుందని ఫలితాలు చెప్పాయి. వార్తల్లో మోగిపోయింది. కానీ ఆ కొలిచే పద్ధతి మీదే నిపుణులు గట్టి ప్రశ్నలు వేశారు. పరిశోధనకు డబ్బు పెట్టిన కంపెనీ కోర్టుకు వెళ్లింది. పరీక్ష రోగుల దాకా రాలేదు. ఆ వార్త చదివి ఆశపడ్డ కుటుంబాలను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఎంత మంచి అంకె కనిపించినా, దాన్ని ఎలా కొలిచారో, ఇంకో లాబ్ కొలిస్తే అదే వస్తుందో లేదో తేలేదాకా ఆ అంకెకు విలువ లేదు.

మరోపక్క మూత్రాశయ క్యాన్సర్‌లో ఇదే ఆలోచన ఫలించింది. ఎన్‌ఎంపీ22 అనే పరీక్ష నూమా అనే న్యూక్లియర్ ప్రొటీన్‌ను మూత్రంలో కొలుస్తుంది. 1996లోనే అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. తేడా ఎక్కడంటే, మూత్రాశయంలో చచ్చిన కణాల సరుకు నేరుగా మూత్రంలోకి రాలుతుంది. ప్రొస్టేట్ కణం లోపల గోడకు అతుక్కుని ఉన్న ప్రొటీన్ రక్తంలోకి రావడమంటే చాలా దూరపు ప్రయాణం. వచ్చినా, ఒంట్లో రోజూ చచ్చే కోట్లాది కణాల కేంద్రకాల సరుకుతో కలిసిపోతుంది. మూత్రాశయ పరీక్షకు కూడా హద్దులున్నాయి. రాళ్లున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా తప్పుగా పాజిటివ్ రావచ్చు. అందుకే డాక్టర్లు దాన్ని ఒంటరిగా నమ్మరు.

కాబట్టి ఇవాళ ప్రొస్టేట్ విషయంలో ‘న్యూక్లియర్ ప్రొటీన్ పరీక్ష చేయించండి’ అని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనాల్సిన అవసరం లేదు. చికిత్సను నిర్ణయించేది పీఎస్‌ఏ, స్కాన్, బయాప్సీ, గ్లీసన్ గ్రేడు, అవసరమైతే జన్యు పరీక్ష. మీరు చేయగలిగింది ఒకటుంది. బయాప్సీ అనుమానంగా ఉందని, ఖాయంగా చెప్పలేమని రాస్తే, ఆ బ్లాకులను (మైనంలో భద్రపరిచిన బయాప్సీ ముక్కలను) జాగ్రత్తగా తీసుకుని, ప్రొస్టేట్ స్లైడ్లు ఎక్కువగా చూసే ఇంకో పాథాలజిస్ట్‌కు చూపించండి. ఆధార కణాల వరస ఉందో లేదో తేల్చే ప్రత్యేక రంగుల పరీక్ష చేశారా అని అడగండి. ఇది అడిగితే తప్పేమీ కాదు, ఏ డాక్టరూ నొచ్చుకోరు.

ఇక స్లైడ్ల విషయంలో ఇప్పుడు పని వేగం మారింది. 1982లో ఒక్కో కేంద్రకం అంచు వెంట గీత గీసి లెక్కగట్టినచోట, ఇవాళ స్కాన్ చేసిన స్లైడు మీద కంప్యూటర్ వేల కేంద్రకాల గుండ్రదనాన్ని, సైజును, క్రోమాటిన్ (ప్రొటీన్లతో చుట్టుకున్న డీఎన్‌ఏ) రంగు తేడాను ఒక్కసారే కొలుస్తుంది. లామిన్, ఎమెరిన్ రంగులు కూడా అదే స్లైడు మీద వేసి, వంకరపోయిన కేంద్రకంలో ఏ చోట వల చిరిగిందో చూడొచ్చు. ఇంకా కొలవాల్సింది చాలా ఉంది. ఒక బయాప్సీ సూది తీసేది ప్రొస్టేట్‌లో చాలా చిన్న భాగాన్నే. ఆ సూది తగలని చోట కేంద్రకాలు ఎలా ఉన్నాయో స్లైడు చెప్పలేదు.